బందరు బోర్డులు, బరోడా బొమ్మలు

బందరు వాళ్ళకి గొప్పలెక్కువని మిగతా కృష్ణా జిల్లా అంతా అంటుంది. కాదనను. లడ్డు మాది, హల్వా మాది, పక్కనే ఉన్న పెడన కలంకారీ కూడా మాదే అంటాం. 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టింది మా ఊళ్ళోనే అని అడగకపోయినా చెప్తాం. ఆ వరసలో నేను ఇంకోటి కలుపుతుంటాను. "మన బొమ్మ అంటే ఏది?" అనే తగువు తెలుగునాట ముందుగా రాజుకున్న ఊళ్ళలో మాదొకటి.

1910లో స్వదేశీ ఉద్యమం వేడిలో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడే ఉంది. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి ఇక్కడ బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు తరవాత అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. అటు రాజమండ్రిలో దామెర్ల రామారావు, కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి వెళ్ళి చదువుకొచ్చి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. బొంబాయిలో నేర్పే విలాయతీ పద్ధతి మనదా, కలకత్తా వాళ్ళ పల్చటి నీటిరంగులు మనవా, అజంతా గోడలు మనవా? నూరేళ్ళ కిందటే ఇక్కడ ఇంత చర్చ నడిచింది. నేను తరవాత ఏ ఊరెళ్ళినా ఆ చర్చ నాకంటే ముందే అక్కడికి చేరి, కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేది.

ఇవన్నీ పెద్దయ్యాక తెలిసిన సంగతులు. చిన్నప్పుడు నాకు తెలిసిన ఆర్టిస్టు ఒక్కడే. మా మావయ్య.

మావయ్య బోర్డులు రాసేవాడు. బట్టల కొట్లు, మందుల షాపులు, లాయర్ల నేమ్ ప్లేట్లు, లారీల వెనక రాతలు, సినిమా వాల్ పోస్టర్ చాలని పెద్ద హాళ్ళకి గుడ్డ బ్యానర్లు, ఎన్నికలొస్తే గోడలు. ఏ పార్టీ గోడైనా ఒకే శ్రద్ధతో రాసేవాడు. అభ్యర్థి పేరులో ఒత్తులుంటే మాత్రం కాస్త విసుక్కునేవాడు. ఇంటి ముందు రేకుల పంచే ఆయన షాపు. అక్కడ ఎనామెల్ డబ్బాల మూతలు తీసినప్పుడు వచ్చే వాసన, టర్పెంటైన్ వాసన కలిస్తే అదే నాకు సెలవుల వాసన. మా అమ్మ మాత్రం "ఆ కంపులో వాడి ఊపిరితిత్తులు పాడవుతాయి తమ్ముడూ" అని గొణిగేది.

బోర్డు తయారీ చూడ్డానికి ఓపిక ఉండాలి. ముందు చెక్క ఫ్రేముకి ఇనప రేకు బిగించి రెడాక్సైడ్ పూస్తారు. అది ఆరాక నీళ్ళ కాయితంతో రుద్ది, పైన గ్రౌండు రంగు వేస్తారు. అది కూడా ఆరాక అప్పుడు దారం. దారానికి సుద్దపొడి రాసి, ఆ చివర నేను, ఈ చివర మావయ్య లాగి పట్టుకునేవాళ్ళం. ఆయన మధ్యలో వేళ్ళతో దారం ఎత్తి టప్‌మని వదిలితే రేకు మీద తిన్నగా తెల్లగీత పడేది. పై గీతకీ కింది గీతకీ మధ్య ఎంత జాగా ఉండాలన్నది అన్నిటికంటే పెద్ద లెక్క. "ఇంగ్లీషోడికి ఏవుందిరా, ఒకే అంతస్తు. మనది మూడంతస్తుల మేడ. పైన గుడి, దీర్ఘం. మధ్యలో అక్షరం. కింద ఒత్తులు కాపురముండాలి" అనేవాడు. "వస్త్రాలయం" అని రాయాలంటే ఆ "స్త్ర" కోసం ముందే కింద జాగా వదలాలి. వదలనివాడి బోర్డులో ఒత్తులు ఫ్రేములోకి దూరిపోతాయి. వేరే పెయింటర్ల బోర్డుల్లో అలా దూరిన ఒత్తుల్ని మావయ్య రోడ్డు మీద నడుస్తూ నాకు చూపించేవాడు. బందరంతా మాకు ఆ రకంగానే తెలుసు, ఫలానా సందులో దూరిన రావత్తు, ఫలానా సెంటర్లో పడిపోతున్న తలకట్టు.

రాసేటప్పుడు ఎడం చేత్తో ఒక కర్ర పట్టుకునేవాడు. దాని కొసన గుడ్డ ఉండ కట్టి ఉంటుంది. ఆ ఉండ రేకుకి ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు పెట్టి, బ్రష్షు తిప్పేవాడు. తెలుగు అక్షరం అంతా గుండ్రం కాబట్టి చెయ్యి తిరిగితే చాలదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బ్రష్షు కాడ కూడా తిరగాలి. లేకపోతే వంపు దగ్గర గీత సన్నబడిపోతుంది. అక్షరాల బొజ్జలన్నీ ముందు వరసగా వేసుకుంటూ పోయి, తలకట్లన్నీ చివర్న ఒకేసారి, ఊపిరి బిగబట్టి, టకటకా పెట్టేవాడు. తలకట్లు పెట్టేదాకా అది ఏ భాషో కూడా పోల్చుకోలేం. పెట్టిన మరుక్షణం బట్టల కొట్టు పేరై కూర్చునేది.

అక్షరాలకి ఆయన పెట్టుకున్న పేర్లు వేరు. గవర్నమెంటక్షరం అంటే నిటారుగా, నీడ లేకుండా. సినిమా అక్షరం అంటే మంటలు, మంచు, రక్తం, కథని బట్టి. పెళ్ళక్షరం అంటే కొమ్ములకి మెలికలు. డాక్టర్ల బోర్డుకి సినిమా అక్షరం రాయమని ఎవరో అడిగితే, "ఎందుకండీ, పేషెంట్లు జడుసుకుంటారు" అన్నాడట.

పెడన వైపు కూడా తీసుకెళ్ళేవాడు. అచ్చులు చెక్కేవాళ్ళకి అప్పుడప్పుడూ డిజైన్లు గీసిపెట్టేవాడు. టేకు చెక్క మీద పువ్వు చెక్కుతారు, రంగుకో అచ్చు. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డ మీద నల్లరంగు అచ్చు పడితే చిక్కగా అంటుకుంటుంది. ఆ నలుపు పాత ఇనప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో మురగబెట్టి తీసింది. ఎరుపు సంగతి మాత్రం గమ్మత్తు. ఎరుపు రావాల్సిన చోట పటిక అచ్చు వేస్తారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. గుడ్డని కాలవ నీళ్ళలో జాడించి, రంగు కాగులో వేసి ఉడకబెడుతుంటే, కర్రతో పైకెత్తినప్పుడల్లా కాస్త కాస్తగా ఎర్రపూలు తేలేవి. పటిక పడని చోట ఎరుపు నిలవదు. దాన్ని చూస్తూ ఎంతసేపైనా నిలబడేవాణ్ణి.

ఒకసారి అడిగాను, "మావయ్యా, ఇందులో అసలైన బందరు డిజైనేది?" అని. ఆయన నవ్వాడు. ఆ సన్నటి చెట్లు, ఆ మెలికల పూలు గోల్కొండ నవాబుల కాలంలో ఇరాన్ వాళ్ళ అభిరుచికి తగ్గట్టు వచ్చినవి. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు మా రేవులో దిగాక వాళ్ళకి నచ్చినవి ఇంకొన్ని చేరాయి. మావయ్యకి ఈ సంవత్సరాలేవీ తెలియవు. ఆయన చెప్పింది ఒక్క ముక్క. "కొనేవాడు అడిగిన పువ్వు వేశారురా అల్లుడూ. రంగు మాత్రం మనకొచ్చినట్టే వేశారు."

ఇంటర్ అయ్యాక హైదరాబాదు మాసాబ్ ట్యాంకులో ఫైనార్ట్స్‌లో చేరాను. అప్పట్లో అది జేఎన్టీయూ కిందుండేది. అక్కడికొచ్చాకే నాకు పెయింటర్లు పీటీ రెడ్డి ఎవరో, కొండపల్లి శేషగిరిరావు ఎవరో తెలిసింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు నిలబడే జనాన్ని తప్పుకుంటూ వెళ్ళి, ఎవరూ చూడని మినియేచర్ల గదిలో స్కెచ్‌బుక్ పట్టుకుని కూర్చునేవాళ్ళం. కావలి మనిషి మాకు స్టూలు కూడా వేసేవాడు.

లక్ష్మాగౌడ్ ఎచింగులు, అంటే లోహపు రేకు మీద గీత తెచ్చి కాయితం మీద అచ్చు తీసే బొమ్మలు, మొదటిసారి చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. మెదక్ జిల్లా నిజాంపూర్ మేకలూ, చెట్లూ, ఆడామగా, వాళ్ళ మధ్య సిగ్గులేని కోరికా, అంతా నల్లటి సన్నగీతల్లో. పల్లెటూరంటే క్యాలెండర్ మీద సంక్రాంతి ముగ్గు అనుకునే నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. తోట వైకుంఠం ఆడవాళ్ళు వేరే. పెద్ద బొట్టు, ముతక చీర, నిండు ఎరుపు, నిండు పసుపు. ఆయన తన తల్లిలో చూసుకున్న తెలంగాణ ఆడమనిషి ఆమె. ఇద్దరూ హైదరాబాదులో చదివి, బరోడా వెళ్ళి, అక్కడ కేజీ సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, తిరిగొచ్చి తమ ఊళ్ళ బొమ్మలే వేశారు. ఊరు దాటినందుకే ఊరు కనిపించిందేమో. ఏమైనా వాళ్ళు వెళ్ళిన దారినే బరోడా వెళ్ళాలని అప్పుడే అనుకున్నాను.

ఆ రోజుల్లో బొమ్మలేసేవాళ్ళందరి నోటా ఒక తిట్టు ఉండేది. ఏ ఊళ్ళోనైనా సరే, బొమ్మ బాగాలేదని చెప్పాలంటే "సైన్‌బోర్డులా ఉంది" అనేవారు. గీత మరీ శుభ్రంగా ఉన్నా అదే మాట, రంగు మరీ చదునుగా ఉన్నా అదే మాట. మా మావయ్య మూడో వంతు జీవితం పెట్టి నేర్చుకున్న శుభ్రాన్ని నేను చేతిలోంచి ఒదిలించుకోవాల్సి వచ్చింది. కావాలని చెయ్యి వణికించి గీతలు గీశాను. బానే గీశాను కూడా. మార్కులు పడ్డాయి.

బరోడా చేరింది తొంభైల చివర్లో. ఎమ్మెస్ యూనివర్సిటీ ఫైనార్ట్స్ ఫ్యాకల్టీ స్వతంత్రం వచ్చిన కొత్తల్లో పుట్టింది. నేనెళ్ళేసరికి అక్కడి చెట్లకి కూడా కథలుండేవి. సుబ్రమణ్యన్ 1980లోనే శాంతినికేతన్‌కి వెళ్ళిపోయారు గానీ ఆయన అలవాటు చేసిన పద్ధతులు అక్కడే ఉండిపోయాయి. ఫైనార్ట్స్ ఫెయిర్ అని ఒకటి నడిచేది. మేష్టర్లూ విద్యార్థులూ కలిసి బొమ్మలూ ఆటవస్తువులూ చేసి ఊళ్ళోవాళ్ళకి అమ్మేవారు. చెక్క ముక్క, పూస, తోలు, తాడు, ఏది దొరికితే అది. గొప్ప పెయింటరనిపించుకున్న మనిషి కూర్చుని పిల్లల బొమ్మకి చెవులు అతికించడం నాకు వింతగా అనిపించలేదు. పెడనలో చూసిందే. మిగతావాళ్ళకి అది పాఠం, నాకు ఇల్లు.

అక్కడి లైబ్రరీలో ఒక మధ్యాహ్నం భూపేన్ ఖక్కర్ బొమ్మల పుస్తకం తెరిచాను. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. పెయింటింగులో డిగ్రీ లేదు. పొద్దున ఫ్యాక్టరీలో లెక్కలు రాసి, తరవాత బొమ్మలు వేసుకునేవాడు. 1970ల మొదట్లో ఆయన వేసిన బొమ్మల్లో దేవుళ్ళు లేరు, రాజులు లేరు. మంగలి షాపు, టైలర్ షాపు, గడియారాలు బాగుచేసే మనిషి. షాపు బోర్డుతో సహా! నీలం, గులాబీ, పచ్చ, అచ్చం మన వీధిలో అద్దకం వేసినట్టు చదునైన రంగులు. పక్కన కూర్చున్న మలయాళీ స్నేహితుడికి చూపించి, "ఇది మా మావయ్య రంగు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. "మీ మావయ్య కూడా పెయింటరా? ఏ గ్యాలరీ?" అన్నాడు.

ఆ తిట్టుని ఖక్కర్ అంగీలా తొడుక్కుని తిరిగాడని నాకు అప్పుడు తోచింది. 1981లో గులాం మహమ్మద్ షేక్, నళినీ మలానీ, వివాన్ సుందరం, సుధీర్ పట్వర్ధన్, జోగేన్ చౌధురి, ఖక్కర్ కలిసి బొంబాయిలోనూ ఢిల్లీలోనూ మనుషుల బొమ్మలతో పెట్టిన ప్రదర్శన గురించి మా క్లాసుల్లో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం. అప్పటిదాకా మోడర్న్ అంటే మనిషి మాయమైపోవాలని ఒక నమ్మకం. వాళ్ళు మనిషినీ, వాడి ఇంటినీ, వాడి వీధినీ తిరిగి బొమ్మలోకి రానిచ్చారు. మనిషితోపాటు బోర్డు కూడా వచ్చింది చూడండి, అది నాకు ముఖ్యం.

ఆ రాత్రి మావయ్యకి ఉత్తరం రాశాను. జవాబుగా ఇన్లాండ్ లెటర్ వచ్చింది. అందులో ఖక్కర్ గురించి ఒక్క ముక్కా లేదు. "గులాబీలో తెలుపు ఎక్కువ కలిపితే ఎండకి వెలిసిపోతుందని చెప్పు ఆయనకి" అని మాత్రం ఉంది.

చదువైపోయాక గ్యాలరీల చుట్టూ తిరిగే దశ. అందరికీ ఉండేదే, దాని గురించి పెద్దగా చెప్పను. ఒక్క సంభాషణ తప్ప. ఒక పెద్ద నగరంలో, పేరు అనవసరం, ఒక గ్యాలరీ ఆవిడ నా ప్రింట్లన్నీ తిరగేసి, చాలా మర్యాదగా అడిగింది. "మీరు ఆంధ్రా నుంచి కదా. మరి ఇందులో ఆంధ్రా ఎక్కడుంది?" అని. పెద్ద బొట్లు, చిలకలు, తాటిచెట్లు ఏమైనా ఉన్నాయా అని ఆవిడ ఉద్దేశం. వైకుంఠం గారిది ఆయన అమ్మ మొహం. ఆయన తరవాత వచ్చిన నకళ్ళకి అమ్మలు లేరు, కస్టమర్లున్నారు. ఇవాళ ఏ హోటల్ లాబీలో చూసినా ఆ నకళ్ళే. నేను కూడా అలా వేస్తానేమోనని ఆవిడ ఆశ పడింది, పాపం. మావయ్య మాట ప్రకారమైతే కొనేది ఆవిడ, అడిగింది ఆవిడ, వేస్తే సరిపోయేది. ఇంటికొచ్చి ఒకటి మొదలుపెట్టాను కూడా. చిలక ముక్కు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. నేను చిలకల్ని ఎప్పుడూ సరిగా చూడలేదు. చూసింది దూరిన రావత్తుల్ని.

ఆ ప్రశ్న నా ఒక్కడిదే కాదని తెలిసింది ఒక వర్క్‌షాపులో. 1997లో ఢిల్లీలో ఖోజ్ మొదలయ్యాక, అదే తరహాలో కరాచీలో వాస్ల్, కొలంబోలో తీర్థ, ఢాకాలో బ్రిట్టో వచ్చాయి. ఆర్టిస్టులే నడుపుకునే కూటములివి. వీసాలు దొరికిన ఏడు దొరికేవి, దొరకని ఏడు లేదు. అలాంటి ఒక క్యాంపులో లాహోర్ కుర్రాడొకడూ, ఢాకా అమ్మాయీ, కొలంబో నుంచి ఒక పెద్దాయనా, నేనూ ఒకే వరండాలో పని చేశాం.

లాహోర్ కుర్రాడు నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో మినియేచర్ నేర్చుకున్నాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని, మోకాలి మీద పలక పెట్టుకుని కూర్చునేవాడు. కాయితాల పొరలు మైదా జిగురుతో అతికించి, రాయితో నున్నగా తోమి వస్లీ తయారు చేసుకునేవాడు. ఉడత వెంట్రుకలతో బ్రష్షు తనే కట్టుకునేవాడు. చుక్క పక్కన చుక్క పెడుతూ బుగ్గ మీద నీడ తెచ్చేటప్పుడు వాడి ఊపిరి ఆగేది. తలకట్లు పెట్టేటప్పుడు మావయ్య బిగబట్టినట్టే. వాడి కాలేజీలో చదివిన షాజియా సికందర్ ఆ పాత పద్ధతిలోంచే కొత్త బొమ్మ తీసి ప్రపంచమంతా తిరిగింది. అయినా వాడి గోడు వాడిది. "మినియేచర్ వేస్తే సంప్రదాయం అంటారు, వెయ్యకపోతే పడమటోళ్ళ నకలంటారు. ఫ్రాన్సువాణ్ణి ఎవరైనా ఇలా అడుగుతారా?" అని సగం ఉర్దూలో సగం ఇంగ్లీషులో విరుచుకుపడేవాడు. కొలంబో పెద్దాయన నవ్వి, తమ ఊళ్ళో 1943లోనే కొందరు కుర్రాళ్ళు గ్రూపు కట్టి ఇదే విషయం మీద పోట్లాడారని చెప్పి, మళ్ళీ తన మట్టి పిసుక్కునేవాడు.

ఢాకా అమ్మాయిది వేరే దారి. ఆమె రిక్షా వెనక రేకు మీద బొమ్మలు వేసే ముసలాయన దగ్గర కూర్చుని నేర్చుకుంది. సినిమా తారలు, పులులు, నెమళ్ళు, తాజ్‌మహళ్ళు. మనుషుల బొమ్మలు వద్దని ఒకప్పుడు అడ్డు చెప్తే, పెయింటర్లు నక్కకీ సింహానికీ చొక్కాలు తొడిగి కార్లు నడిపించారని చెప్పింది. లాహోర్ కుర్రాడు వెంటనే తమ లారీల మీది ఫూల్‌పత్తీ, అంటే పూలూ ఆకుల బొమ్మల సంగతి ఎత్తుకున్నాడు. నేను మావయ్య లారీ రాతలు. ఆ రాత్రి ముగ్గురం మా మా ఊళ్ళ బోర్డు పెయింటర్ల మీద కబుర్లు చెప్పుకుంటూ తెల్లారబెట్టాం. ఎనామెల్, రేకు, గళ్ళు కొట్టి బొమ్మ పెద్దది చేయడం, మూల చిన్నగా "ఫలానా ఆర్ట్స్" అని సంతకం, మూడు దేశాల్లోనూ ఒకటే. సరిహద్దు ఎక్కడుందో ఆ డబ్బాలకి తెలిసినట్టు లేదు. 2023లో ఢాకా రిక్షా బొమ్మల్ని యునెస్కో తన జాబితాలో చేర్చిందని చదివినప్పుడు ఆమెకి మెసేజ్ పెట్టాను. "మా మేష్టారు పోయాక వచ్చింది" అని రాసింది.

అప్పటికే మా ఊళ్ళో ఫ్లెక్సీ వచ్చేసింది. రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళలో బందరు రోడ్లన్నీ మెరిసే ప్లాస్టిక్ మొహాలతో నిండిపోయాయి. పొద్దున ఆర్డరిస్తే సాయంత్రానికి బోర్డు. మావయ్యకి వారం పట్టేది. ఒకతను కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళక్షరాన్ని లాగి సాగదీస్తుంటే వెనక నిలబడి చూసొచ్చి, "అక్షరానికి నడుం విరిగింది" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. పంచలో డబ్బాలు అలాగే గడ్డకట్టాయి.

ఆయన్ని నిలబెట్టింది సముద్రం. గిలకలదిండి హార్బర్లో పడవలకి పేర్లూ నంబర్లూ రాయాలి. ఉప్పుగాలికి ఫ్లెక్సీ నిలవదు, ఎనామెలే దిక్కు. అమ్మవార్ల పేర్లు, కూతుళ్ళ పేర్లు, ముక్కు దగ్గర రెండు కళ్ళు. పడవ ఒంపు తిరిగి ఉంటుంది కాబట్టి దారం కొడితే గీత తిన్నగా రాదు, కంటితోనే లెక్క చూసుకోవాలి. అరవయ్యో పడిలో అది కొత్తగా నేర్చుకున్నాడు. నేను సెలవుల్లో వెళ్ళి పక్కన నిలబడి, నా ప్రింట్లలోకి మెల్లిగా ఆ అక్షరాల్ని తెచ్చుకోవడం మొదలుపెట్టాను. అర్థం కోసం కాదు, ఆకారం కోసం. ఒత్తుల్ని విడదీసి, వందరెట్లు పెంచి, ఒక్క కొమ్ముతో గోడంత కాయితం నింపేవాణ్ణి.

2012 డిసెంబర్లో కొచ్చి బియెన్నాలే, అంటే రెండేళ్ళకోసారి పెట్టే పెద్ద కళాప్రదర్శన, మొదటిసారి జరిగినప్పుడు వెళ్ళాను. ఆస్పిన్‌వాల్ హౌస్, ఒకప్పటి సుగంధద్రవ్యాల గిడ్డంగులు. వివాన్ సుందరం, కేరళలోనే పట్టణం అనే పేరున్న ఊళ్ళో తవ్వకాల్లో దొరికిన కుండపెంకులతో ఒక పురాతన రేవు పట్నాన్నే పేర్చాడు. ముజిరిస్ అనే ఆ పాతరేవు పేరు చెప్పుకుని అందరూ పొంగిపోతుంటే నాలో బందరు గొప్ప నిద్రలేచింది. రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు నావికుడి పుస్తకంలో మా తీరం మసాలియా పేరుతో ఉంది, సన్నటి నూలు గుడ్డలకి పేరున్న చోటుగా. మాకూ ఒక బియెన్నాలే ఉండొద్దా? గిలకలదిండిలో పెట్టొచ్చు. చూడ్డానికి ఎవరొస్తారన్నది వేరే సంగతి.

అక్కడే తెలిసింది, బరోడాలోనే చదివిన హనీఫ్ కురేషీ అనే అతను ఊరూరా బోర్డు పెయింటర్ల దగ్గరికెళ్ళి వాళ్ళ చేతి అక్షరాల్ని కంప్యూటర్ ఫాంట్లుగా మారుస్తున్నాడని. ఆ పెయింటర్ల పేర్లే ఆ ఫాంట్లకి పెట్టేవాడు. చిన్నప్పుడు తనూ బోర్డు పెయింటర్ అవ్వాలనుకున్నాడట. తరవాత వీధి గోడల మీద బొమ్మలు వేయించే అతని సంస్థ స్టార్ట్ ఇండియా వాళ్ళు 2016లో హైదరాబాదు మక్తాలో ఇళ్ళ గోడలన్నీ బొమ్మలు చేశారు. మావయ్యని తీసుకెళ్ళి చూపించాను. బొమ్మల్ని చూడకుండా గోడని గోరుతో గీకి, "ప్రైమర్ కొట్టారా?" అని అడిగాడు. తరవాత మాత్రం ఒక ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఇంటావిడ టీ ఇచ్చింది. హనీఫ్ 2024లో పోయాడు, నలభైల్లోనే. నేనతన్ని ఎప్పుడూ కలవలేదు.

మక్తా తరవాత రెండేళ్ళకి హైదరాబాదులో నా ప్రదర్శన. మెయిన్ గోడ మీద పేరు మావయ్య చేత రాయించాలని పట్టుబట్టాను. నిర్వాహకులు ఒప్పుకున్నారు గానీ కార్డు మీద "స్థానిక హస్తకళాకారుడి సహకారంతో" అని అచ్చేశారు. పేరు లేదు. ఆ కార్డులు పక్కన పడేసి వేరేవి వేయించాను, నా పేరు ఎంత సైజో ఆయన పేరూ అంతే. మావయ్యకి ఆ గొడవేం పట్టలేదు. ఆయన దృష్టంతా బిల్లు మీద. అక్షరానికింత అని రేటు చెప్పి, ఒత్తులకి వేరేగా లెక్క కట్టాడు. అకౌంట్స్ అమ్మాయి "ఒత్తు కూడా అక్షరంలో భాగమే కదండీ" అంటే, "కింద నిలబడి రాసి చూడమ్మా, నడుం చెప్తుంది" అన్నాడు. ఇచ్చారు.

ప్రారంభానికి ముందు రాత్రి లైట్లు సరిచూస్తుంటే, ఆయన నా ప్రింట్లన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళి, చివరి గోడ మీద పెద్దదాని ముందు ఆగాడు. అది ప్రింటు కాదు, కాన్వాసు మీద చేత్తో వేసిన ఒకే ఒక్క కొమ్ము. అద్దం లేదు. కాసేపు తల అటూ ఇటూ వంచి, "వంపు దగ్గర బ్రష్షు తిప్పలేదు నువ్వు. సన్నబడింది" అన్నాడు.

"అది కావాలనే మావయ్యా" అన్నాను.

"కావాలని ఎవడు సన్నబరుస్తాడ్రా" అంటూ సంచిలోంచి నల్లరంగు డబ్బా తీశాడు. నేను వద్దనే లోపు కర్ర కూడా ఆనించేశాడు. అడ్డం పడితే చెయ్యి చెదిరి మొత్తం పోతుంది కాబట్టి కదలకుండా నిలబడ్డాను. ఒక్క తిప్పు తిప్పాడు. గీత నిండుగా వచ్చింది.

మర్నాడు ముందుగా అమ్ముడుపోయింది ఆ బొమ్మే. కొన్నాయన ఆ వంపు దగ్గరే వేలు చూపించి, ఇక్కడ మీ గీతలో ఒక ధైర్యం ఉందండీ అన్నాడు. మావయ్య పక్కనే నిలబడి సమోసా తింటున్నాడు. ఆయన వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. కొన్నాయనకి ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ డబ్బులో మావయ్య వాటా ఎంతన్న లెక్క మాత్రం మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.